బొమ్మకు సరుకు ఎక్కడ దొరుకుతుంది?
పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ విడతలో వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి: చిత్రకారుడికి ఊహ ఎక్కడి నుంచి వస్తుంది, దాన్ని బొమ్మ దాకా తెచ్చేది ఏమిటి. ఒక్క మాటలో తేలేది కాదు కాబట్టి ఒక్కో ఉత్తరం పట్టుకుని చెబుతున్నాం. కలంకారీ గురించి అడిగిన ప్రశ్నకు ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: రెండేళ్లు డ్రాయింగ్ నేర్చుకున్నాను. ఎదురుగా వస్తువు పెడితే గీస్తాను. సొంతంగా ఏదైనా వేయమంటే మాత్రం ఖాళీ కాగితం ముందు కూర్చుని లేచిపోతున్నాను. పేరున్న చిత్రకారులకు ఆలోచనలు ఎలా వస్తాయి?
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: కాగితం ముందు కూర్చున్నాక వెతికితే దొరకదు. అప్పటికే పోగై ఉండాలి. తోట వైకుంఠం గారి బొమ్మలు చూసే ఉంటారు. పెద్ద బొట్టు, ముక్కుపుడక, ముదురు అంచు చీర, నిండైన మనుషులు. ఆయన 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. ఆ బొమ్మల్లోని ఆడవాళ్ల వెనుక కన్నతల్లి ఉంది, ఊరి ఆడవాళ్లు ఉన్నారు, పల్లెకు వచ్చే నాటకాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్లూ ఉన్నారు. కె. లక్ష్మా గౌడ్ గారు 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాద్‌లో చదివి, బరోడా వెళ్లి చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర శిక్షణ పొందారు. ఎచింగ్ రేకు (గీతల్ని ఆమ్లంతో కొరికించి కాగితం మీద అచ్చు వేసే లోహపు పలక) మీద ఆయన గీసింది మేకల్ని, చెట్లని, పల్లెజనాన్ని. చదువు వాళ్ల చేతికి పనితనం ఇచ్చింది. సరుకు మాత్రం చిన్నప్పటి నుంచి కళ్లతో పోగేసుకున్నదే.

మీరు చేయాల్సింది కూడా పోగేయడమే. సంచిలో పట్టే ఎ5 సైజు పుస్తకం కొనండి. కాగితం 120 జీఎస్ఎం (కాగితం ఎంత దళసరో చెప్పే కొలత) అయినా ఉండాలి. అంతకంటే పల్చనైతే పెన్ను గీత వెనక్కి కనబడుతుంది. పెన్సిల్, రబ్బరు ఇంట్లో పెట్టి బాల్‌పెన్ను మాత్రమే తీసుకెళ్లండి. చెరిపే వీలుంటే చెయ్యి అక్కడే ఆగిపోతుంది. రైతు బజారులో గానీ బస్టాండులో గానీ ఒక మూల నిలబడి ఒక్కో మనిషికి రెండు నిమిషాలు ఇవ్వండి. ముఖం జోలికి పోవద్దు. ముందు తల నుంచి మడమ దాకా ఒక గీత. ఆ తర్వాత భుజాల వాలు, నడుము వాలు. బరువు ఏ కాలి మీద ఉందో గుర్తు పెట్టండి. కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు కళ్లు, ముక్కు దగ్గర మొదలుపెట్టడం. ముఖం పూర్తయ్యేసరికి ఆ మనిషి వెళ్లిపోతాడు, కాగితం మీద మెడ దాకానే మిగులుతుంది.

గీత పక్కనే మాటలు కూడా రాయండి. వెలుతురు ఏ వైపు నుంచి పడుతోంది, చీర రంగేమిటి, నీడ పడ్డ చోట ఆ రంగు ఏమైంది. ‘ఎరుపు’ అని రాస్తే చాలదు. ‘ఎండు మిరప ఎరుపు, మడతలో దాదాపు నలుపు’ అని రాయండి. నెల తర్వాత రంగులు వేసేటప్పుడు పనికొచ్చేది ఈ రాతే.

బొమ్మ వేయాల్సిన రోజున ఈ పుస్తకంలోంచి ఒక్క విషయం ఎంచుకుని, అగ్గిపెట్టెంత గళ్లు పదిహేను గీసి, అదే విషయాన్ని పదిహేను రకాలుగా అమర్చండి. ఒక గడిలో మనిషి దూరంగా, ఒకదాంట్లో చేతులు మాత్రమే, ఇంకోదాంట్లో పైనుంచి చూసినట్టు. మొదటి నాలుగైదు ఎక్కడో చూసిన బొమ్మల్లాగే వస్తాయి. కంగారు పడొద్దు, అవి బయటికి పోవాలి. మీ సొంతం అనదగ్గవి తరచుగా ఆ తర్వాతే వస్తాయి.

ప్రశ్న: లేపాక్షి పైకప్పు బొమ్మల ఫొటోలు చూసి గీస్తున్నాను. స్నేహితులు ‘కాపీ కొడుతున్నావు’ అంటున్నారు. పాతవాటిని చూసి గీయడం తప్పా?
– ఒక పాఠకుడు, హిందూపురం

జవాబు: తప్పు కాదు. కానీ ఏం తీసుకుంటున్నారో తెలిసి తీసుకోవాలి. లేపాక్షి మీకు కూతవేటు దూరంలోనే ఉంది. ఫొటోలు పక్కన పెట్టి వీరభద్రాలయానికి వెళ్లి తలెత్తి చూడండి.

16వ శతాబ్దపు ఆ విజయనగర చిత్రకారుల దగ్గర రంగులు ఎన్నో లేవు. ఎర్ర కావి, పసుపు కావి, నలుపు, సున్నపు తెలుపు, కాస్త ఆకుపచ్చ. నీలం దాదాపు కనబడదు. ఇన్ని తక్కువ రంగులతో అంత పెద్ద కప్పు ఎలా నిండిందన్నదే మీరు నేర్చుకోవాల్సిన పాఠం. రంగు తక్కువైన చోట చీరల నమూనాలు పని చేశాయి. గళ్లు, చారలు, పూలు, చుక్కలు ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి మారిపోతాయి. పక్కపక్కన నిలబడ్డ ఇద్దరి ఒంటి రంగు ఒకటే అయినా బట్టతో విడిపోతారు. మగవాళ్ల తలమీద పొడుగాటి కుళ్లాయిలు వరసలో నిలువు గీతల్లా నిలబడి, అడ్డంగా సాగే కథకు లయ కడతాయి. కిరాతార్జునీయం ఘట్టం దగ్గర కాసేపు నిలబడితే ఇది బాగా తెలుస్తుంది.

ఒకే బొమ్మను మూడుసార్లు గీయండి. మొదటిసారి ఉన్నది ఉన్నట్టు, గీత మందంతో సహా. రెండోసారి మనుషుల్ని వదిలేసి ఖాళీలను మాత్రమే నింపండి. బొమ్మల మధ్య మిగిలిన ఖాళీ ఎలాంటి ఆకారమో తెలుస్తుంది. మూడోసారి ఆ అమరికే ఉంచి మనుషుల్ని మార్చండి: హిందూపురం బస్సు ఎక్కడానికి నిలబడ్డ వరస అనుకోండి. మొదటిది సాధన, మూడోది మీ బొమ్మ. మొదటిదాన్ని సొంత రచనగా ప్రదర్శనలో పెడితేనే స్నేహితుల మాట నిజమవుతుంది.

గుళ్లో ఫ్లాష్ వాడొద్దు. మెడ నొప్పి పెట్టకుండా చిన్న అద్దం ఒళ్లో పెట్టుకుని కప్పును అందులో చూడొచ్చు. కుడి ఎడమలు తారుమారవుతాయని మాత్రం మరచిపోకండి.

ప్రశ్న: శ్రీకాళహస్తి కలంకారీ చూసి ఇంట్లో ప్రయత్నించాను. నల్లగీత బట్టలోకి పాకిపోయింది, ఆరాక బూడిద రంగులో మిగిలింది. ఎర్రరంగు ఉతికితే పోయింది. ఎక్కడ తప్పు జరిగింది?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మూడింటికీ కారణాలు వేరు. మొదటి నుంచి వద్దాం.

కోరా బట్టకు మిల్లు గంజి ఉంటుంది. రాత్రంతా నానబెట్టి, మర్నాడు బాగా ఉతికి ఆరబెట్టండి. గంజి మిగిలిన చోట కరక్కాయ నీరు పట్టదు, మచ్చలు మచ్చలుగా వస్తుంది. మీటరు బట్టకు సుమారు 50 గ్రాముల కరక్కాయ పొడి, అర లీటరు కాచని గేదె పాలు తీసుకోండి. ఇది ఇంట్లో మొదలుపెట్టడానికి సరిపడే కొలత. పొడిని కొద్దిపాటి నీళ్లలో నానబెట్టి, వడగట్టి, పాలలో కలిపి బట్టను ముంచండి. అన్ని వైపులా సమంగా తడిసేలా పిసికి, గట్టిగా పిండి, ఎండలో పరచండి. ఆరాక లేత పసుపుగా ఉంటుంది.

గీత పాకకుండా ఆపేది పాలలోని కొవ్వు. అందుకే గేదె పాలు. ప్యాకెట్ టోన్డ్ పాలు వాడి ఉంటే మీ మొదటి సమస్యకు కారణం అదే కావచ్చు. వాటిలో కొవ్వు 3 శాతమే. గేదె పాలు దొరక్కపోతే 6 శాతం ఉండే ఫుల్ క్రీమ్ తీసుకోండి, నీళ్లు కలపొద్దు. బట్ట పూర్తిగా ఆరకముందే గీసినా పాకుతుంది.

ఇక నలుపు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు 100 గ్రాములు, బెల్లం 100 గ్రాములు, లీటరు నీళ్లు. కుండలో వేసి, గుడ్డ కట్టి రెండు మూడు వారాలు ఉంచండి. మూత బిగించొద్దు, పులిసేటప్పుడు గాలి బయటికి పోవాలి. బెల్లం పులిసి ఆమ్లం పుడుతుంది, అది ఇనుమును కరిగిస్తుంది. నురుగు తగ్గాక పైన తేరిన నీటిని వడగట్టుకోండి. కుండలో అది నల్లగా ఉండదు. బట్ట మీద పడి, కరక్కాయలోని టానిన్‌ను, అంటే దాని వగరు పదార్థాన్ని, కలిశాకే నల్లబడుతుంది. బూడిద రంగు వచ్చిందంటే మీ ఇనుప నీరు ఇంకా ముదరలేదు, లేదా కరక్కాయ చాలలేదు. ఏది తక్కువైందో తేల్చుకోవడానికి ఒక చిట్కా ఉంది. చిక్కటి కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెట్టిన గుడ్డముక్క మీద ఒక చుక్క వేయండి. అక్కడ నల్లబడితే లోపం బట్టది, అక్కడా బూడిదే అయితే లోపం కుండది. తొందరపడి అన్నభేది (ఇనుప లవణం) దండిగా కలిపేవాళ్లు ఉన్నారు. గీత వెంటనే నల్లబడుతుంది గానీ, ఇనుము ఎక్కువైతే కొన్నాళ్లకు ఆ గీత వెంబడే బట్ట చివికి చిరుగుతుంది.

కలం సంగతి. వెదురు పుల్ల కొన సన్నగా చెక్కి, కొనకు అంగుళం పైన ఉన్ని గానీ మెత్తటి గుడ్డ గానీ ఉండలా చుట్టి దారంతో బిగిస్తారు. రంగును దాచుకునేది ఆ ఉండ. వేళ్లతో నొక్కితే పుల్ల వెంట కిందికి దిగుతుంది. ముంచగానే బట్ట మీద పెడితే మొదటి చుక్క బొట్టులా పడుతుంది. ముందు పక్కనున్న పాత గుడ్డ మీద ఒక గీత లాగి, ఆ తర్వాత అసలు బట్ట మీదికి రండి. గీతకు సన్నకొన కలం, రంగు నింపడానికి మొద్దుకొన కలం. ముందస్తు గీతలకు చింతపుల్లలు కాల్చిన బొగ్గు వాడతారు, దులిపితే రాలిపోతుంది. పెన్సిల్ గీస్తే ఆ జాడ పోదు.

ఎరుపు పోయిందంటే మీరు రంగునే నేరుగా పూశారన్నమాట. ఇక్కడ పూయాల్సింది పటిక. లీటరు గోరువెచ్చని నీళ్లలో 100 గ్రాముల పటిక కరిగించి, ఎరుపు రావాల్సిన చోట మాత్రమే రాయాలి. పటిక నీరు కంటికి కనబడదు కాబట్టి, ఎక్కడ రాశామో తెలియడానికి అందులో చిటికెడు ఎర్రరంగు కలుపుకోవచ్చు. ఒక రోజు ఆరనిచ్చి, పారే నీటిలో జాడించి, ఎర్రరంగునిచ్చే వేర్లు మంజిష్ఠ గానీ చిరివేరు గానీ వేసిన నీళ్లలో బట్టను ఉడికించాలి. పటిక ఉన్న చోట రంగు పట్టుకుని నిలబడుతుంది, లేనిచోట ఉతుకుతో పోతుంది. జాడించడంలో అశ్రద్ధ చేస్తే మిగులు పటిక పక్కలకు పాకి గీత దాటి ఎర్రబడుతుంది. కుదురుగా నిలిచిన నీటిలో, బకెట్లో జాడిస్తే జరిగేది అదే. కాళహస్తి పక్కన పారే స్వర్ణముఖి నదిలాంటి నీరు ఈ పనికి ఎందుకు అవసరమో ఇప్పుడు అర్థమవుతుంది. ఇంట్లో అయితే కొళాయి ధార కింద బట్టను వేలాడదీసి పట్టుకోండి.

ఉడికించాక పాలు పోతాయి. పసుపు వేసేముందు మళ్లీ ఒకసారి పాలలో ముంచి ఆరబెట్టాలి. ఇది మరచిపోయేవాళ్లే ఎక్కువ. పసుపుకు కరక్కాయ పువ్వు గానీ దానిమ్మ తొక్క గానీ వాడొచ్చు. నీలిమందు వేసిన చోట దాని మీదే పసుపు వేస్తే ఆకుపచ్చ వస్తుంది.

ఇంత వివరంగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. కాళహస్తి బొమ్మల తీరు చాలావరకు ఈ పనిలోంచే పుట్టింది. వేసిన నల్లగీతను చెరపలేరు, కాబట్టి గీత నిబ్బరంగా, ఒకే ఊపులో సాగుతుంది. ఒక రంగును మెల్లగా ఇంకో రంగులోకి కలపడం కష్టం, కాబట్టి నీడలకు బదులు నమూనాలు, నగలు, అంచులు వచ్చాయి. బొమ్మ వేసేవాడి ఊహకు దారి చూపింది దేవుడి కథలు ఎంతో, కరక్కాయ, పాలు, ఇనుము కూడా అంతే.

ప్రశ్న: కాళహస్తి, మచిలీపట్నం రెండూ కలంకారీయే కదా, మరి ఒకచోట దేవుళ్లు, ఇంకోచోట పూలతీగలు ఎందుకు? చేర్యాల బొమ్మల్లో మనుషుల వెనుక నేల రంగు ఎందుకు ఎర్రగా ఉంటుంది?
– ఒక ఉపాధ్యాయుడు, సిద్దిపేట

జవాబు: కొనేవాళ్లను బట్టి. కాళహస్తి బట్ట గుడి కోసం తయారైంది, అందుకే రామాయణ, భారత కథలు గళ్లుగళ్లుగా. మచిలీపట్నం రేవు నుంచి బట్ట పర్షియాకు, ఐరోపాకు వెళ్లింది. అక్కడివాళ్లు అడిగింది తీగలు, పూలు, చెట్లు. ఎక్కువ బట్ట త్వరగా కావాలి, అందుకే చెక్క అచ్చులు. మచిలీపట్నం దగ్గరి పెడనలో ఇప్పటికీ ఆ అచ్చులే.

చేర్యాల పటం, అంటే కథంతా బొమ్మలుగా వేసి చుట్టిపెట్టే బట్ట, కథకుడి కోసం పుట్టింది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గొల్లలకు కాటమరాజు కథ, గౌడులకు గౌడ పురాణం, రజకులకు మడేలు పురాణం, మాదిగలకు జాంబ పురాణం. ఏ కులానికి ఏ కథ చెబుతారో ఆ కథే పటం మీద ఉంటుంది. చూసేవాళ్లు బారెడు దూరంలో కూర్చోరు, ఊరి జనమంతా గుమిగూడతారు. వెనుక చదునైన ఎరుపు ఉంటే పసుపు, నీలం, తెలుపు మనుషులు చివరి వరసకూ విడివిడిగా కనబడతారు. మా దృష్టిలో ఎరుపు అంత గట్టిగా నిలిచిపోవడానికి ఇదే కారణం.

మీ పిల్లలతో వేయించాలనుకుంటే ఒక జాగ్రత్త. ఖాదీ బట్ట మీద సుద్ద, ఉడికించిన చింతగింజల పిండి, తుమ్మజిగురు కలిపిన పూత పూస్తారు. పల్చగా రెండు మూడు పూతలు, ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకోటి. ఒకేసారి మందంగా పూస్తే పటం చుట్టినప్పుడు బీటలు వారుతుంది. సుద్ద ఎక్కువై జిగురు తగ్గితే గోటితో గీకగానే రాలుతుంది. చిన్న ముక్క మీద పూసి, ఆరాక పెన్సిల్ చుట్టూ చుట్టి చూస్తే తెలిసిపోతుంది.

ప్రశ్న: ఇరవై ఏళ్లుగా అమెరికాలో ఉంటున్నాను. మా ఊరి ఇల్లు, పొలాలు గీయాలని ఉంటుంది. ఫొటోలు లేవు. జ్ఞాపకం నుంచి గీస్తే కేలండర్ బొమ్మలా వస్తోంది.
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: జ్ఞాపకం పెద్ద విషయాల్ని ఉంచుకుని చిన్నవి వదిలేస్తుంది. పూరిల్లు, కొబ్బరిచెట్టు, బిందె పట్టుకున్న అమ్మాయి, ఇవి అందరి జ్ఞాపకాలూ కాబట్టి కేలండర్ అయిపోతాయి. ముందు మీకు గుర్తున్నంత గీయండి, అందంగా ఉండాలని చూడొద్దు. తెలియని చోట ఖాళీ వదలండి. ఆ ఖాళీల జాబితాతో అమ్మకో పెద్దమ్మకో ఫోన్ చేయండి. అరుగు ఎత్తెంత, మోకాలి దాకానా నడుము దాకానా? గడప నుంచి బావి ఎన్ని అడుగులు? పొద్దున ఎండ ఏ గదిలో పడేది? చూరు కింద ఏం వేలాడేది? ఒక్కో జవాబుతో గీత మారుతుంది. అరుగు మీద ఎవరు ఎటు తిరిగి కూర్చునేవారో తెలిస్తే చాలు, ఆ ఇల్లు ఇంకెవరి ఇల్లూ కాకుండా పోతుంది.

దాంతోపాటు ఇప్పుడున్న ఇంటి కిటికీ కూడా గీయండి. మంచు పడ్డ వాకిట్లో ముగ్గు వేయలేక గుమ్మం లోపల వేసుకున్న ముగ్గు మీకు మాత్రమే దొరికే బొమ్మ.

ఫోన్లో వచ్చిన ఫొటోలు వాడితే ఒకటి గుర్తుంచుకోండి. ఫోను మామూలు లెన్సు విశాలంగా చూస్తుంది. దగ్గరగా తీసిన ముఖంలో ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. రెండు మూడు మీటర్లు వెనక్కి జరిగి 2ఎక్స్ (రెండింతల జూమ్)లో తీయమని చెప్పండి. ఫొటోలో నల్లగా కనబడే నీడ కంటికి నల్లగా ఉండదు, దాన్ని అలాగే నలుపుతో నింపితే బొమ్మకు చిల్లు పడినట్టుంటుంది.

ప్రశ్న: వడ్డాది పాపయ్య గారి బొమ్మలంటే ప్రాణం. ఆయన తీరులో వేసి అమ్మితే చట్టం ఒప్పుకుంటుందా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: తీరు మీద ఎవరికీ హక్కు లేదు. ఫలానా బొమ్మ మీద ఉంటుంది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రకారుడు పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఆ హక్కు నిలుస్తుంది. వపా గారు 1992లో పోయారు కాబట్టి ఆయన బొమ్మలకు 2052 చివరి దాకా రక్షణ ఉంది. బాపు గారు 2014లో పోయారు, 2074 దాకా. రాజా రవివర్మ 1906లోనే పోయారు, ఆయన చిత్రాలు ఎవరైనా వాడుకోవచ్చు. కూడలిలో శాశ్వతంగా నిలిపిన విగ్రహాన్ని చూసి బొమ్మ గీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

వపా గారి నుంచి తీసుకోవాలంటే ఆ కళ్లు, ఆ నడుము ఒంపు దగ్గర ఆగొద్దు. ఒక బొమ్మ ఎదురుగా పెట్టుకుని, అందులో వెలుగు ఏ రంగు, నీడ ఏ రంగు, రెండిటి మధ్య ఎన్ని మెట్లు ఉన్నాయో చిన్న చతురస్రాల్లో కలిపి పక్కన వేసుకోండి. ఆ రంగుల పట్టీతో మీ ఊరి సంత వేయండి. అది మీ పేరుతో నిక్షేపంగా అమ్ముకోవచ్చు.

ప్రశ్న: ఉద్యోగం వల్ల రాత్రిపూటే బొమ్మలు వేస్తాను. పొద్దున చూస్తే రంగులు వేరుగా ఉంటున్నాయి.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ బల్బు పసుపు కాంతి ఇస్తూ ఉండాలి. ఆ వెలుగులో తెల్ల కాగితమే పసుపుగా ఉంటుంది కాబట్టి పసుపు ఎంత వేశారో మీకు తెలియదు, నీలం మసకబారి కనబడుతుంది కాబట్టి దాన్ని ఎక్కువ వేస్తారు. పొద్దునకి బొమ్మ నీలం ఎక్కువై చల్లగా తేలుతుంది. 5000 కెల్విన్ (పగటి వెలుతురుకు దగ్గరి తెల్లని కాంతి) ఉన్న ఎల్ఈడీ కొనండి, డబ్బా మీద సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే కొలత) 90 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉందో లేదో చూడండి. కుడిచేతి వాటమైతే దీపం ఎడమ పక్క పైన పెట్టండి, లేకపోతే చేతి నీడ గీత మీదే పడుతుంది. కాగితానికీ రంగులు కలిపే పళ్లేనికీ ఒకే దీపం సమంగా అందాలి. రాత్రి గీత, అమరిక, చీకటి వెలుగుల పని చేసుకుని, ఆఖరి రంగులు ఆదివారం పగటి వెలుతురులో ఉత్తరం కిటికీ దగ్గర వేసుకోగలిగితే ఇంకా మంచిది. ఏడాదిలో ఎక్కువ కాలం అక్కడ నేరుగా ఎండ పడదు, గంటగంటకూ వెలుగు అంతగా మారిపోదు.